బాస్కెట్‌బాల్ ఆటలో హద్దు నిర్ణయము – నియమార్థ విచారము

బాస్కెట్‌బాల్ ఆటయందు ఆటగాండ్రకును, ప్రేక్షకులకును, రిఫరీకిని భేదాభిప్రాయము కలుగు ఘట్టములు పెక్కు కలవు. వానిలో బంతి హద్దు దాటినదా లేదా, దాటినచో ఎవరి వలన దాటినది అను ప్రశ్న మిక్కిలి తరచుగా పుట్టుచుండును. చూచుటకిది సులభమైన ప్రశ్నవలె తోచును. నేలమీద గీత యున్నది. బంతి ఆ గీతకు లోపల నున్నదో వెలుపల నున్నదో కన్నులున్న ప్రతివాడును చెప్పగలడని సామాన్యముగా తలంతుము. కాని నియమావళిని నిదానముగా చదివినవారికి ఈ తలంపు సరికాదని తెలియును. బంతి ఎక్కడ కనబడుచున్నదని నియమము అడుగదు. బంతి దేనిని తాకినది, దానిని కడపట ఎవరు తాకిరి అను రెండు ప్రశ్నలనే అడుగును. ఈ రెండింటికి సమాధానము తెలిసినచో నిర్ణయము సిద్ధమైనట్లే. తెలియనప్పుడు ఏమి చేయవలయునో కూడ నియమమే చెప్పుచున్నది. ఈ విషయములను ఉదాహరణములతో వివరించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

బెంగుళూరునందు నివసించు మనకు ఈ విచారము కేవలము గ్రంథస్థమైనది కాదు. 2017 జూలై నెలలో ఈ నగరమున శ్రీ కంఠీరవ ఇండోర్ స్టేడియమునందు మహిళల ఆసియా కప్పు పోటీలు జరిగినవి. బి విభాగపు తుది ఆటలో భారత జట్టు కజకస్తాన్ జట్టును 75–73 తేడాతో గెలిచి పై విభాగమునకు చేరినది. ఎ విభాగపు తుది ఆటలో జపాన్ జట్టు ఆస్ట్రేలియాను 74–73 తేడాతో గెలిచినది. ఒక ఆట రెండు పాయింట్లతోను, మరియొకటి ఒకే పాయింటుతోను తేలినవన్నమాట. బుట్టలో పడిన ఒక్క బంతి రెండు పాయింట్లను గాని మూడు పాయింట్లను గాని తెచ్చును. కావున ఇట్టి ఆటలలో బంతి ఎవరికి చెందవలయునను ఒక్క నిర్ణయము తారుమారైనచో కప్పు చేతులు మారుట అసంభవము కాదు. పెద్ద పోటీలమాట అటుంచినను, నేడు నగరములోని అపార్ట్‌మెంటు ఆవరణములలోను, పాఠశాలలలోను మన పిల్లలు ఈ ఆటను విరివిగా ఆడుచున్నారు. అక్కడ రిఫరీగా నిలుచువాడు చాలసార్లు ఒక తండ్రియో, ఒక పెద్ద విద్యార్థియో అయియుండును. ఆతడు హద్దు నియమమును సరిగా ఎరిగియున్నచో సగము తగవులు పుట్టకుండనే పోవును.

నియమము పుట్టిన విధము

ఈ ఆటను 1891 డిసెంబరులో అమెరికా దేశమునందలి స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు కల్పించెను. ఆయన వ్రాసిన పదమూడు నియమములు 1892 జనవరిలో అచ్చుపడినవి. వానిలో తొమ్మిదవది హద్దును గూర్చినది. బంతి హద్దు దాటినప్పుడు దానిని మొదట తాకినవాడే మరల లోనికి విసరవలయునని దాని సారాంశము. విసరుటకు ఐదు సెకండ్ల గడువు ఉండెను. ఎవరు ముందు తాకిరో తేలనప్పుడు అంపైరు తానే బంతిని సూటిగా ఆటస్థలములోనికి విసరవలసియుండెను.

ఈ ఏర్పాటు వినుటకు న్యాయముగానే యుండెను గాని ఆచరణలో వికటించినది. బంతి వెలుపలికి పోయిన క్షణమున ఇరుజట్ల వారును దానికొరకు ఎగబడి పరుగెత్తెడివారు. బుట్టలు కట్టిన వసారా మీదికి బంతి పోయినచో మెట్లెక్కియు, ఒకరినొకరు పైకెత్తియు దానిని అందుకొనుటకు పోటీపడెడివారు. ఆట లోపలికంటె వెలుపలనే బలప్రదర్శనము హెచ్చయ్యెను. వృత్తి క్రీడాకారుల ఆటలకై కొన్ని పట్టణములలో కోర్టుచుట్టును తీగల వలను పంజరమువలె నిర్మించి, బంతి వెలుపలికి పోకుండ చేసిరి. ఆ పద్ధతి కొంతకాలమునకు అంతరించినను, అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆటగాండ్రను ‘కేజర్లు’ అని, అనగా పంజరపు వారని, పిలుచుట దానివలననే వచ్చినది.

1913లో నియమము మారినది. బంతి వెలుపలికి పోకముందు దానిని కడపట తాకిన వాని ప్రతిపక్షమునకు బంతి చెందునని అప్పుడు నిర్ణయించిరి. ఈ మార్పు చిన్నదిగా కనబడును గాని, దానిలో ఒక గొప్ప న్యాయము ఇమిడియున్నది. పూర్వనియమము బలమునకును వేగమునకును బహుమానమిచ్చెను. క్రొత్తనియమము బాధ్యతను నిర్ణయించినది. ఎవరు ముందు పట్టుకొనిరను ప్రశ్న పోయి, ఎవరి వలన పోయినదను ప్రశ్న వచ్చినది. నేటి హద్దు నియమమంతయు ఈ ఒక్క ప్రశ్నమీదనే నిలిచియున్నది.

మన ప్రాంతమునకు ఈ ఆట వచ్చుటకును వై.ఎం.సి.ఏ. సంస్థయే ముఖ్యకారణము. స్ప్రింగ్‌ఫీల్డునందు చదివిన హ్యారీ క్రోవ్ బక్ 1920లో మదరాసునందు వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించెను. నాటి తెలుగు జిల్లాలలో పెక్కు భాగము మదరాసు రాజధానిలోనివే. అఖిలభారత పురుషుల పోటీలు 1934లో ఆరంభమైనవి. భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య 1950లో ఏర్పడినది. అంతర్జాతీయ సమాఖ్యయైన ఫిబా 1932లో జెనీవాయందు పుట్టినది. మన దేశపు పోటీలన్నియు ఈ ఫిబా నియమావళి ననుసరించియే జరుగును. ఈ వ్యాసమునందు వేరుగా చెప్పినచోట తప్ప, నియమమనగా ఫిబా నియమమని గ్రహింపవలయును.

గీత లోపలిదా, వెలుపలిదా

మొట్టమొదట తేల్చుకొనవలసినది గీతను గూర్చిన విషయము. వాలీబాలు ఆటలో బంతి గీతను తాకినచో లోపల పడినట్లే లెక్క. టెన్నిసులోను అంతే. ఫుట్‌బాలులో బంతి సంపూర్ణముగా గీత నంతను దాటిననే గాని వెలుపలికి పోయినట్లు కాదు. మన కబడ్డీలో కూడ హద్దుగీతలు ఆటస్థలములోని భాగములే. ఈ ఆటల కలవాటుపడిన కన్నులు బాస్కెట్‌బాల్ కోర్టు చెంతకు వచ్చినప్పుడు పొరబడుట సహజము. ఏలన ఇందు హద్దుగీత ఆటస్థలములోని భాగము కాదు. గీతను తాకినచో వెలుపలి నేలను తాకినట్లే. ఈ విషయమున బాస్కెట్‌బాల్ క్రికెట్టు వంటిది. బౌండరీ త్రాడును బంతి తాకినచో నాలుగు పరుగులు వచ్చునని మనమందరము ఎరుగుదుము గదా.

కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. ఈ కొలతలు గీతల లోపలి అంచునుండి తీసికొనవలెను. గీత వెడల్పు 5 సెంటీమీటర్లు. రంగువేయువారు వెలుపలి అంచునుండి కొలిచినచో ఆటస్థలము ప్రతివైపునను ఐదేసి సెంటీమీటర్లు తగ్గిపోవును. నియమము అడుగు ప్రశ్న లోపలి అంచును గూర్చినదే గనుక, ఆ అంచు స్పష్టముగా కనబడునట్లు రంగు వేయించుట కోర్టు నిర్వాహకుల మొదటి కర్తవ్యము.

ఇచ్చట కంటికి కలుగు భ్రమను కూడ గమనింపవలెను. పురుషుల ఆటలో వాడు బంతి చుట్టుకొలత 75 నుండి 77 సెంటీమీటర్లు, అనగా అడ్డుకొలత సుమారు 24 సెంటీమీటర్లు. బంతి గుండ్రనిది గనుక అది నేలను తాకునది అడుగున నొక్క చిన్నచోటనే. ఆ చోటు గీతకు ఒక అంగుళము లోపల నున్నను, బంతి ప్రక్కభాగము గీత మొత్తమును దాటి వెలుపలివైపునకు చొచ్చియుండును. పైనుండి చూచువానికి బంతి గీతమీదనే యున్నట్లు కనబడును. వాస్తవమున అది లోపలనే యున్నది. ఎత్తైన మెట్లమీద కూర్చున్న ప్రేక్షకుడు ‘అవుట్’ అని కేకవేయుటకును, గీత వెంబడి చూచుచున్న రిఫరీ మౌనముగా నుండుటకును కారణమిదియే. ఇద్దరిలో నెవరును అసత్యము పలుకుట లేదు; నిలిచిన చోటు వేరగుటచేత చూపు వేరైనది.

ఆటగాని పాదము విషయమునను ఇంతే జాగ్రత్త కావలయును. మూడుపాయింట్ల గీతకును ప్రక్కహద్దు గీత లోపలి అంచునకును నడుమ కోర్టు మూలలయందుండు ఎడము 90 సెంటీమీటర్లు మాత్రమే. అంతటి ఇరుకులో ఆటగాడు రెండు పాదములను ఇమిడ్చి, ముందుగీతను గాని వెనుకగీతను గాని త్రొక్కక బంతిని విసరవలయును. మడమ కొన వెనుకగీతను తాకినచో, బంతి బుట్టలో పడినను ఆ పాయింట్లు చెల్లవు.

గాలిలోని బంతి, గాలిలోని ఆటగాడు

హద్దుగీత మీదుగా ఆకాశమున గోడ యేదియు లేదు. బంతి గీతను దాటి ఎంతదూరము గాలిలో పోయినను, అది వెలుపలి నేలనో, వెలుపలనున్న మనుష్యునో, వస్తువునో తాకనంతవరకు ఆటలోనే యున్నట్లు. ఆటగాని విషయమున నియమము మరింత ఆసక్తికరమైనది. గాలిలోని ఆటగాడు ఎచ్చటివాడనగా, ఎగురుటకుముందు కడపట నేలను ఎక్కడ తాకెనో అక్కడివాడు. లోపలినుండి ఎగిరినవాడు గీతకు వెలుపల గాలిలో బంతిని అందుకొని, నేలమీద వాలకముందే లోనికి విసరినచో అది చెల్లును. వెలుపలినుండి ఎగిరినవాడు కోర్టుకు సరిగా నడిమి భాగమున గాలిలో బంతిని పట్టినను అది చెల్లదు, ఆతడింకను వెలుపలివాడే.

వెలుపలనున్న ఏ వస్తువును తాకినను ఆటగాడు వెలుపలివాడగును. కాని ఇతర ఆటగానిని తాకుట ఇందులోనికి రాదు. బంతి చేతగల ఆటగాడు లోపల నిలిచి, ఒక కాలు గీత వెలుపల నున్న ప్రతిపక్షపు ఆటగానికి ఒరిగినచో హద్దు దాటినట్లు కాదు. కాని బంతియే ఆ వెలుపలివానిని తాకినచో అప్పుడు హద్దు దాటినట్లగును.

బంతి విషయమున మరి మూడు వస్తువులను గుర్తుంచుకొనవలెను. బుట్టను మోయు బోర్డు వెనుకభాగమును, ఆ బోర్డు ఆధారస్తంభములను, కోర్టు పైభాగమున వ్రేలాడు ఏ వస్తువునైనను బంతి తాకినచో హద్దు దాటినట్లే. బోర్డు ముందుభాగము మాత్రము ఆటలోనిదే. కోర్టులో నిలిచిన రిఫరీని బంతి తాకినచో, ఆతడు నిలిచిన చోట నేలను తాకినట్లు భావింపవలయును, ఆట ఆగదు. ఆతడు గీతకు వెలుపల నున్నచో బంతి వెలుపలి నేలను తాకినట్లే.

కడపట తాకినది ఎవరు

ఇక రెండవ ప్రశ్న. బంతి వెలుపలికి పోకముందు దానిని కడపట తాకినవాడుగాని, దానిచేత కడపట తాకబడినవాడుగాని అందుకు బాధ్యుడు. ‘తాకబడిన’ అను మాట ముఖ్యమైనది. ఇచ్ఛతో తాకినను, తనకు తెలియకయే తగిలినను భేదము లేదు. గీత చెంత చిక్కుకొనిన ఆటగాడు ఎదిరి కాలికి తగులునట్లు బంతిని కొట్టి వెలుపలికి పంపుట మనము చూచుచుందుము. ప్రేక్షకులకిది మాయోపాయమువలె తోచినను, నియమము దానిని ఒప్పుకొనును. బాధ్యత కాలికి బంతి తగిలినవానిదే.

కొన్ని ఉదాహరణములను విచారింతము. ఎ జట్టులోనివాడు బంతిని తన సహచరునికి అందింపబోగా, గీతమీద కాలుంచి నిలిచిన బి జట్టు ఆటగానికి అది తగిలినది. విసరినవాడు ఎ జట్టువాడైనను బంతి ఎ జట్టునకే చెందును. ఏలన వెలుపల నిలిచి బంతిచేత తాకబడినవాడే బాధ్యుడని నియమము స్పష్టముగా చెప్పుచున్నది. వేరొక సందర్భము: ఎ జట్టు ఆటగాడు తన జట్టువారు కూర్చున్న బెంచీ ప్రక్కగా బంతిని నేలకు కొట్టుచు పోవుచుండగా, అది ఎగిరి బెంచీమీద కూర్చున్న తన సహచరుని మోకాలికి తగిలి తిరిగి ఆతని చేతికే వచ్చినది. బంతి లోపలికే తిరిగివచ్చినను హద్దు దాటినట్లే. అది బి జట్టునకు చెందును. మూడవది: లోపలినుండి ఎగిరిన ఎ జట్టువాడు గీతకు వెలుపల గాలిలో బంతినందుకొని, కోర్టులోని బి జట్టువాని వీపునకు తగులునట్లు విసరగా, అది మరల వెలుపలికి పోయినది. బంతి ఎ జట్టుదే.

ఈ మూడింటిలో ఏ ఒక్కదానియందును బలమును గాని, ఉద్దేశమును గాని, నేర్పును గాని విచారింపలేదు. స్పర్శను మాత్రమే విచారించితిమి. నియమమును ఈవిధముగా నిర్మించుటకు కారణము కలదు. ఉద్దేశము మనస్సులోనిది, స్పర్శ కంటికి కనబడునది. రిఫరీని మనస్సులు చదువుమని కోరక, కనబడినదానిని చెప్పుమని మాత్రమే నియమము కోరుచున్నది.

చేతిమీది దెబ్బ

అయితే ఈ స్పర్శసూత్రము మిక్కిలి చిక్కుపడు సందర్భమొకటి కలదు. బంతి ఎ జట్టువాని చేతిలో నున్నది. బి జట్టువాడు దానిని లాగుకొనబోయి ఆతని మణికట్టుమీద కొట్టెను. బంతి జారి ఎ జట్టువాని వ్రేళ్లను కడపట తాకి వెలుపలికి పోయినది. ఇప్పుడు బంతి ఎవరిది?

నియమముననుసరించి దీనికి రెండే మార్గములు. ఆ దెబ్బవలననే ఎ జట్టువాడు బంతిని పోగొట్టుకొనినచో అది ఫౌల్. ఫౌల్ ప్రకటింపవలెను, దానివలన ఎ జట్టునకు రావలసినది వచ్చును. దెబ్బ లెక్కింపదగినది కానిచో ఫౌల్ లేదు. అప్పుడు కడపట తాకిన ఎ జట్టువాడే బాధ్యుడు గనుక బంతి బి జట్టుది. కాని ఆచరణలో కొందరు రిఫరీలు మూడవమార్గము నొకదానిని త్రొక్కుచుందురు. ఫౌల్ ప్రకటింపక, బంతిని మాత్రము ఎ జట్టునకు ఇచ్చి ఇరువురిని సమాధానపరుప జూతురు.

ఈ రాజీ పైకి ధర్మముగానే తోచును. దెబ్బతిన్నవానికి బంతి దక్కినది, కొట్టినవానికి ఫౌల్ తప్పినది, ఆట సాగినది. కాని దీనివలన రెండు దోషములు కలుగుచున్నవి. ఐదు ఫౌళ్లు చేసిన ఆటగాడు ఆటనుండి తొలగవలయును. ఒక జట్టు ఒక క్వార్టరులో నాలుగు ఫౌళ్లు చేసిన పిమ్మట, తరువాతి ఫౌళ్లకు ప్రతిపక్షమునకు ఫ్రీత్రోలు లభించును. ఫౌల్‌ను కప్పిపుచ్చినప్పుడు ఈ రెండు లెక్కలును తప్పిపోవును. అంతకంటె పెద్ద దోషము మరియొకటి: రిఫరీ నోట వెలువడిన మాటకును కంటికి కనబడిన దానికిని పొందిక లేకుండ పోవును. బంతి తన చేతినుండి పోలేదని బి జట్టువాడు నిజమే చెప్పుచు వాదించును. రిఫరీకి సమాధానము దొరకదు. ఆనాటినుండి ఆతని ఒప్పు నిర్ణయములను కూడ ఆటగాండ్రు శంకింతురు.

ఈ చిక్కును పెద్ద సంస్థలును గుర్తించినవి. అమెరికాలోని ఎన్.బి.ఏ. పోటీలలో, హద్దు నిర్ణయమును శిక్షకుడు ప్రశ్నించి వీడియో పరిశీలన కోరినప్పుడు, ఆ స్పర్శకు అతిసమీపమున జరిగియు ప్రకటింపబడని ఫౌల్ కనబడినచో దానినికూడ ప్రకటింపవచ్చునని 2024–25 ఆటకాలమునుండి ఏర్పాటు చేసిరి. హద్దు ప్రశ్నయు ఫౌల్ ప్రశ్నయు ఒకే సంఘటనకు రెండు ముఖములని ఈ ఏర్పాటు ఒప్పుకొనుచున్నది. కాని వీడియో లేని మన ఆటలలో ఆ బాధ్యత అంతయు ఈల ఊదు క్షణమున రిఫరీమీదనే యున్నది.

లోనికి విసరునప్పుడు

బంతి ఎవరిదో తేలిన పిమ్మట దానిని లోనికి విసరవలెను. దీనిని త్రో-ఇన్ అందురు. హద్దు దాటినచోటికి సమీపమునుండియే విసరవలయును. బోర్డునకు సరిగా వెనుకనుండి మాత్రము విసరరాదు. నైస్మిత్ విధించిన ఐదు సెకండ్ల గడువు నేటికిని అట్లే నిలిచియున్నది. విసరువాడు బంతి చేతినుండి విడువకముందు కోర్టులో అడుగుపెట్టరాదు. విసరిన బంతిని మరియొక ఆటగాడు తాకకముందు తాను తాకరాదు. లోపల ఎవరును తాకకయే అది మరల వెలుపలికి పోయినచో ప్రతిపక్షమునకు చెందును. విసరినవాడు ఒక కాలు లోపలను ఒక కాలు గీతమీదను ఉంచి, సహచరుడు తిరిగి అందించిన బంతిని పట్టినచో, ఆతడే హద్దు దాటించినవాడగును. పిల్లలు మిక్కిలి తరచుగా చేయు తప్పు ఇదియే.

ఎదిరి ఆటగాడు గీతను దాటి చేయి చాపరాదు. గీతకును వెనుకనున్న గోడకో కంచెకో నడుమ రెండు మీటర్లకంటె తక్కువ ఎడమున్నచో, విసరువానికి ఒక మీటరు దూరమున నిలువవలయును. ఎడము చాలినంత యున్నచో ఈ ఒక మీటరు నిబంధన వర్తింపదు. ఇట్టి విషయములలో రిఫరీ సైగ స్పష్టముగా లేనిచో ఎంతటి అనర్థము కలుగునో 1972 మ్యూనిక్ ఒలింపిక్ క్రీడల తుది ఆట చూపినది. కడపటి మూడు సెకండ్లలో సోవియట్ జట్టు తన వెనుకహద్దునుండి బంతిని విసరవలసియుండెను. ఎదుట నిలిచిన పొడగరియైన అమెరికా ఆటగాడు టామ్ మెక్‌మిలన్ రిఫరీ చేతిసైగను చూచి, వెనుకకు జరుగుమన్నట్లు గ్రహించి తొలగెను. విసరిన బంతి కోర్టు ఆ చివరకు చేరినది. సోవియట్ జట్టు 51–50తో గెలిచినది. ఆ సైగకు అర్థమేమని నాడు పుట్టిన వాదము ఆట ముగిసిన పెక్కు సంవత్సరములవరకును నడచినది.

తెలియనప్పుడు చేయవలసినది

హద్దు నిర్ణయమునకు రెండు చూపులు కావలెను. ఒకటి గీతమీద నుండవలయును, రెండవది బంతిమీది చేతులపై నుండవలయును. ఒక మనుష్యుని కన్నులు ఒకే క్షణమున రెండింటిని చూడజాలవు. అందుచేతనే ఆటకు ఇద్దరినిగాని ముగ్గురినిగాని రిఫరీలుగా నియమించి, ఏ గీత ఎవరి బాధ్యతయో ముందుగా పంచిపెట్టుదురు. బుట్ట ప్రక్కన ముందునిలుచువానికి అంత్యగీత, వెనుకనుండి వచ్చువానికి తన ప్రక్కగీత చెందును. ఎవరి గీతకు వారు ఈల ఊదవలెను. ఊది, వ్రేళ్లు కలిపిన అరచేతిని పైకెత్తి గడియారమును ఆపించి, పిమ్మట బంతి పోవలసిన దిక్కును చూపవలెను. గీతను చూచినవానికి చేతులు కనబడనిచో, దిక్కు చూపుటకు ముందే సహచరునివైపు చూచుట ఉత్తమపద్ధతి. ముందు ఒక దిక్కు చూపి, పిదప దానిని మార్చుటవలన కలుగు అవిశ్వాసము ఒక్క నిమిషపు ఆలస్యముకంటె హెచ్చు చెరుపు చేయును.

ఇద్దరికిని తెలియనప్పుడు, లేక ఇద్దరును భిన్నదిక్కులను చూపినప్పుడు, ఊహించి చెప్పవలసిన అవసరము లేదు. అట్టి సందర్భమును నియమావళి జంప్‌బాల్ సందర్భముగా పేర్కొన్నది. ఇరుజట్లవారును ఏకకాలమున తాకినప్పుడును ఇదియే విధి. పూర్వము అట్టిచోట ఇద్దరి నడుమ బంతిని పైకెగురవేసెడివారు. 2003 నుండి ఫిబా ఆటలలో వంతులపద్ధతి వచ్చినది. స్కోరరు బల్లమీద నుండు బాణపుగుర్తు ఏ జట్టును చూపునో బంతి ఆ జట్టునకు చెందును. మరుసటిసారి వంతు రెండవ జట్టుది. ముగ్గురేసి ఆడు మూడు-మూడు ఆటలో మాత్రము ఇట్టిచోట బంతిని రక్షణజట్టునకు ఇత్తురు.

‘నాకు తెలియలేదు’ అని రిఫరీ ఒప్పుకొనుటకు నియమమే తావిచ్చినదని మనవారు గ్రహింపవలెను. ఊహతో చూపిన దిక్కు సగముసార్లు సరియగునేమో. కాని ఆ సగము కూడ న్యాయము కాదు, అదృష్టమే. వంతు ననుసరించి ఇచ్చిన బంతియందు ఎవరికిని అన్యాయము లేదు.

పెద్ద పోటీలలో వీడియో పరిశీలనము తోడ్పడుచున్నది. నాలుగవ క్వార్టరు చివరి రెండు నిమిషములలోను, అదనపు ఆటసమయము చివరి రెండు నిమిషములలోను, బంతిని హద్దు దాటించినది ఎవరో రిఫరీలు చిత్రములో చూచి తేల్చుకొనవచ్చును. 2022 నుండి ప్రధాన శిక్షకుడు ఆటకొక్కసారి పరిశీలన కోరుటకును హక్కు కలిగినది. అయినను ఆ పరికరములను ఆటకు ముందే రిఫరీ అంగీకరించియుండవలెను. ప్రేక్షకుడు తన ఫోనులో తీసిన చిత్రమును కోర్టులోనికి తెచ్చి చూపుట నియమసమ్మతము కాదు.

మన కోర్టులలో

మన ఆవరణములలోని కోర్టులకు ప్రత్యేకమైన ఇబ్బందులు కలవు. ఒకే సిమెంటు నేలమీద బాస్కెట్‌బాల్, వాలీబాల్, బాడ్మింటన్ గీతలు అల్లుకొనియుండును. ఎండకు వానకు రంగు వెలసిపోవును. చెట్టుకొమ్మ కోర్టుమీదికి వ్రాలియుండును. గోడయో కంచెయో గీతకు ఆనియుండును. గీతచుట్టును రెండు మీటర్లవరకు ఏ అడ్డును ఉండరాదని నియమము. అది గెలుపోటముల ప్రశ్న మాత్రమే కాదు. బంతివెంట పరుగెత్తు పిల్లవాని తలకు గోడ తగులకుండుటకు చేసిన ఏర్పాటు.

కావున పోటీలు జరుపువారు ఆట ఆరంభమునకు ముందే ఇరుజట్ల నాయకులను పిలిచి మూడు విషయములను తెలియజేయుట మంచిది. హద్దుగీత ఏ రంగుదో చూపవలెను. కొమ్మను బంతి తాకినచో హద్దు దాటినట్లేననియు, కడపట తాకినవాని ప్రతిపక్షమునకు బంతి చెందుననియు చెప్పవలెను. సందేహము కలిగినచోట వంతు ననుసరింతుమని ప్రకటింపవలెను. వీలైనంతవరకు ఇద్దరు రిఫరీలను నిలుపవలెను. ఒక్కరే యున్నచో ఆతడు గీతలకంటె చేతులను హెచ్చుగా గమనించుచు, గీతను చూచుటకు మరియొక పెద్దమనిషిని ప్రక్కన నిలుపుకొనవచ్చును.

బంతి దేనిని తాకినది, కడపట ఎవరు తాకిరి, తెలియనిచో వంతు ఎవరిది – ఈ మూడు ప్రశ్నలను ఈ వరుసలో అడుగుట పిల్లలకును అలవడినచో, రిఫరీ లేని ఆటలో సైతము వారు తమలోతాము తీర్పు చెప్పుకొనగలరు. కేక పెద్దదిగా వేసినవానికి బంతి చెందు కోర్టులో బలహీనుడైన పిల్లవాడు ఎక్కువకాలము ఆడడు. 1913లో ఆటస్థలము వెలుపలి పెనుగులాటను మాన్పిన నియమము, తెలిసి పాటించినచో, మన ఆవరణములలోని నోటి పెనుగులాటను కూడ మాన్పగలదు. మన సంఘ సభ్యులలో క్రీడాభిమానులైనవారు ఈ నియమములను తెలుగున పిల్లలకు బోధించి, పోటీలయందు పాటింపజేయుదురుగాక.